పై వరుస బటన్లు

1997 ఆగస్టు 10, ఆదివారం. సాయంత్రం అయిదు గంటలు. గాజువాక, పైడిరాజు గారి ఇల్లు. ఉన్నవారు: పైడిరాజు గారు, ఆయన భార్య అప్పలనరసమ్మ గారు, నా భార్య సుభద్ర, నేను. వాన లేదు. కరెంటు ఉంది.

నా పాత డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. మొన్న ఆ డైరీని అటక మీంచి దించడానికి కారణం ఒక వాసన. మా ఇంట్లో టీవీ రిమోటు పనిచేయడం మానేసింది. వెనక మూత తీసి చూస్తే బ్యాటరీలు తగిలే రేకుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఇది మామూలే. పెన్సిల్ రబ్బరు తీసుకుని రుద్దాను. నల్లటి పొట్టు రాలింది. కొంచెం వేడెక్కిన రబ్బరూ, చిలుమూ కలిసిన వాసన ముక్కుకి తగలగానే నా చెయ్యి ఆగిపోయింది. ఆదివారాలు మధ్యాహ్నం మూడింటికి పైడిరాజు గారింట్లో వచ్చే వాసన అది. వీడియో గేమ్ క్యాసెట్‌ని పెట్టెలో పెట్టే ముందు ఆయన దాని అంచున ఉన్న ఇత్తడి రంగు గీతల్ని ఇలాగే రబ్బరుతో రుద్దేవారు. రిమోటు బాగుపడింది. ఏ ఛానెలూ పెట్టాలనిపించలేదు. కుర్చీ వేసుకుని అటక మీది డైరీలు దించాను.

పైడిరాజు గారిని ఇది చదివేవాళ్ళలో ఎవరూ చూసి ఉండరు కాబట్టి చెబుతాను. పొట్టి మనిషి. మెడలో ఎప్పుడూ తువ్వాలు ఉండేది. ఎడమ చెవి కొంచెం వినపడదు. చోడవరం వైపు ఒక పల్లెలో వ్యవసాయం వదిలి వచ్చి, ఆటోనగర్‌లో ఒక ఫౌండ్రీలో క్రేను ఆపరేటరయ్యారు. ఆ ఫౌండ్రీలో షెడ్డు కప్పు కింద, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పట్టాల మీద నడిచే క్రేను ఉండేది. కొలిమి దగ్గర కరిగిన ఇనుముని లాడిల్‌లోకి, అంటే పెద్ద గంగాళం లాంటి పాత్రలోకి వంచేవారు. ఆ లాడిల్‌ని కొక్కేనికి తగిలించుకుని అవతలి చివర ఉన్న అచ్చుల దగ్గరకు చేర్చడం ఆయన పని. ఆయన పైన కేబిన్‌లో కూర్చునేవారు. నేను కింద ఉండేవాడిని. షిఫ్టు పుస్తకం రాయడం, లాడిల్ పక్కన నడుస్తూ ఆయనకి చేతి సైగలు ఇవ్వడం నా ఉద్యోగం. తణుకు దగ్గర నుంచి ఆ ఉద్యోగానికి వచ్చేనాటికి నాకు ముప్ఫై నాలుగేళ్ళు. అప్పటికే పదహారేళ్ళుగా డైరీ రాస్తున్నాను. రాయడం గురించి నాకు ఎవరూ నేర్పనక్కరలేదని నా నమ్మకం.

ఆ నమ్మకం మూడో నెలలో పోయింది. షిఫ్టు పుస్తకంలో రోజూ పది గళ్ళు నింపాలి: తాడు, కొక్కెం, బ్రేకు, పట్టాలు, ఇలాగ. ప్రతి గడిలోనూ 'సవ్యంగా ఉంది' అని రాయాలి, లేదా ఏం తేడా ఉందో రాయాలి. పని తేలికవుతుందని నేను షిఫ్టు మొదలవ్వగానే పది గళ్ళలోనూ 'సవ్యంగా ఉంది' అని రాసేసి, ఆ తరువాత చూడడానికి వెళ్ళేవాడిని. కొన్ని రోజులు వెళ్ళేవాడిని కాదు. ఒకరోజు ఆయన నిచ్చెన దిగి వచ్చి పుస్తకం అడిగారు. చదివి, నన్ను క్రేను కిందకి తీసుకెళ్ళి పైకి చూపించారు. ఇనుప తాడులో ఒక పోగు తెగి, ముల్లులా బయటికి పొడుచుకుని ఉంది.

"తాడు తెగిపోతన్నాది బావ. నీ బుక్కులో మాత్తరం బాగుంది" అన్నారు. ఆయనకి అందరూ బావలే.

"పొద్దున్నే రాసేశానండి. రోజూ బాగానే ఉంటుంది కదా అని."

"బుక్కు బాగుంటే తాడు బాగుంటాదేటి? దాని కింద నిలబడీది నువ్వు. నాను కాదు."

'సవ్యంగా ఉంది' అన్న మాటని కొట్టివేయబోతే నా చెయ్యి పట్టుకున్నారు. "కొట్టీకు. రాసింది రాసినావు, ఉండనీ. దాని కిందన రాయి, ఎన్నింటికి సూసినావో, ఏటి సూసినావో. సూడకపోతే సూడనేదని రాయి. అదీ రాతే." ఆ రాత్రి ఇంటికి వెళ్ళి నా డైరీలు తిరగేశాను. ఆ పదహారేళ్ళలో నేను రోజూ అయిదింటికే నిద్రలేచినట్టు ఉంది. నిజానికి ఆరున్నరకి ముందు లేచిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

వీడియో గేమ్ సంగతికి వస్తాను. వాళ్ళమ్మాయికి పెళ్ళి చేసి పంపాక ఇల్లు బోసిపోయిందని అప్పలనరసమ్మ గారు టీవీ కొనమన్నారు. టీవీ కొన్న వారానికి ఆయన నన్ను వెంటబెట్టుకుని వన్ టౌన్ వెళ్ళారు. ఫారిన్ సామాన్లు అమ్మే ఒక సందులో, గడియారాలూ టార్చిలైట్ల మధ్య ఒక అట్టపెట్టె ఉంది. లోపల బూడిదరంగు ప్లాస్టిక్ యంత్రం, దాని నడినెత్తిన క్యాసెట్ దూర్చే గాడి, రెండు వైర్లకి రెండు ప్యాడ్లు. ప్యాడ్‌కి ఎడమ వైపు ప్లస్ గుర్తు లాంటి మీట, కుడి వైపు రెండు ఎర్ర బటన్లు. పసుపుపచ్చ క్యాసెట్ మీద తొంభై తొమ్మిది ఆటలని రాసి ఉంది. ఇంటికి వెళ్ళి చూస్తే ఆటలు నాలుగే. అవే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చాయి. "పిల్లలకాండీ?" అని కొట్టతను అడిగాడు. "నాకే" అన్నారు పైడిరాజు గారు. కొట్టతను నావైపు చూశాడు. నేను గడియారాల వైపు చూశాను.

ఇప్పటివాళ్ళకి ఆ యంత్రం గురించి ఎలా చెప్పాలో నాకు తెలియదు. దానిలో ఆటని దాచుకోవడం ఉండదు. కరెంటు పోతే ఎంత దూరం వెళ్ళినవాడైనా మళ్ళీ మొదటికి రావలసిందే. గంట ఆడితే కింద భాగం వెచ్చబడేది, కొత్త ప్లాస్టిక్ వాసన వేసేది. బొమ్మలన్నీ చిన్న చిన్న చదరపు ముక్కలు. అయినా ఒక టోపీ మనిషి ఆ చదరపు కొండల మీద పరుగెత్తుకుంటూ పోతుంటే మేమిద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆ టోపీ మనిషిని ఆయన 'గుంటడు', అంటే కుర్రాడు, అనేవారు. అందరూ క్యాసెట్ పనిచేయకపోతే నోటితో ఊదేవారు. ఆయన ఊదనిచ్చేవారు కాదు. "సముద్రం గాలి సాల్దని నీ నోటి తడి కూడానా? రేపటికి పచ్చగా పూత్తాది" అని, చొక్కా జేబులోంచి రబ్బరు తీసేవారు.

ఆడడం కూడా క్రేను మనిషి ఆడినట్టే ఆడేవారు. ఎదురుగా గొయ్యి వస్తే అందరూ పరుగెత్తి దూకుతారు. ఆయన అంచు దాకా వెళ్ళి, ఆగి, అవతల ఏముందో చూసి, అప్పుడు దూకించేవారు. ఒక ఆదివారం ఆటలో మేం గొప్పగా అనుకున్న కోట దాకా వెళ్ళారు. నేను పక్కన కూర్చుని ఉన్నాను. తల దురదపెట్టి చెయ్యి పైకెత్తాను. అరచెయ్యి ఎత్తడం మా సైగల్లో 'ఆపు' అని. ఆయన బొటనవేలు బటన్ మీంచి లేచిపోయింది. గుంటడు గొయ్యిలో పడ్డాడు.

"ఏటి బావ అది, ఎందుకాపినావు?"

"ఆపలేదండీ, తల గోక్కున్నాను."

"మీ గోదారోళ్ళు తల గోక్కున్నా ఎవడో ఒకడు పోతాడు." అప్పలనరసమ్మ గారు వంటింట్లోంచి తొంగిచూసి నవ్వారు. ఆ తరువాత నన్ను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నారు. చాలా ఆదివారాలు అలాగే కూర్చున్నాను. పని వేళల్లో నా చేతిని ఆయన ఎంత నమ్ముతారో నాకు తెలిసింది ఆ గొయ్యి దగ్గరే. కేబిన్‌లోంచి ఆయనకి లాడిల్ కింద ఏముందో కనబడదు. నా అరచెయ్యి ఒక్కటే కనబడుతుంది.

1997 మే నెలలో గాజువాక సెంటర్లో వానకి ఆయన స్కూటర్ జారింది. కుడి మణికట్టు విరిగింది. జూన్ ఆఖరికి పిండికట్టు విప్పారు గానీ బొటనవేలు బిగుసుకుపోయింది. ఎడమ చేతి హ్యాండిల్‌ని ఒక్కో గాటుకీ తోస్తే క్రేను పట్టాల మీద నడుస్తుంది; కుడి చేతి హ్యాండిల్ మీద ఒక బటన్ ఉంటుంది. బొటనవేలితో నొక్కితే కొక్కెం కదులుతుంది, వదిలితే ఆగుతుంది. లాడిల్‌ని అచ్చు నోటి మీద ఆపాలంటే నొక్కి, వదిలి, నొక్కి, వదిలి, అంగుళం అంగుళంగా దించాలి. ఆ పనంతా బొటనవేలిదే. బటన్ల ఆటేదైనా ఉంటే ఆడండి, వేలు కదులుతూ ఉండాలి అని డాక్టరు చెప్పారట. ఆయన ముఖం వెలిగిపోయింది. "డాకటరు కూడా మనోడే బావ" అన్నారు.

ఫౌండ్రీ యజమాని మంచివారే. మూడు నెలల కోసం ఒక బదిలీ ఆపరేటరుని పెట్టుకున్నారు. ఆగస్టు 11 సోమవారం పైడిరాజు గారికి పరీక్ష అన్నారు. లాడిల్ నిండా ఇనుముకి బదులు నీళ్ళు పోస్తారు. తొణక్కుండా అచ్చుల దగ్గర దించితే క్రేను ఆయనది. దించలేకపోతే బదిలీ మనిషి ఉండిపోతాడు, ఈయనకి గేటు దగ్గర కుర్చీ. ఇరవై రెండేళ్ళు పైన కూర్చున్న మనిషి గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకోవాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

నేను నాకు చేతనైన పని చేశాను. విమానం ఆట ఒకటి ఉంది. ఒకసారి బటన్ నొక్కితే ఒక గుండు పేలుతుంది. శత్రువు విమానం కూలితే పాయింట్లు. రోజూ సాయంత్రం అయిదు నిమిషాలు నా గడియారం చూసి ఆడించి, తెర మీద వచ్చిన పాయింట్లు డైరీలో రాసేవాడిని. ప్రమాదానికి ముందు ఆయనకి నలభై వేలు వచ్చేవి. కట్టు విప్పిన వారానికి ఎనిమిది వేలు. తరువాత పదకొండు. జూలై మూడో వారానికి పధ్నాలుగు వేల దగ్గర ఆగిపోయింది. అప్పుడే ప్యాడ్‌లో ఒక బటన్ లోపలికి దిగి ఇరుక్కుంది. వన్ టౌన్ వెళ్ళి కొత్త ప్యాడ్ తెచ్చాను. దాని మీద నాలుగు బటన్లు ఉన్నాయి. కింది వరుసలో రెండు, పై వరుసలో రెండు. పై వరుసవి టర్బో అనీ, నొక్కి పట్టుకుంటే చాలు గుండ్లు వాటంతటవే పేలుతాయనీ కొట్టతను చెప్పాడు. నేను ఆ మాట ఆయనకి చెప్పలేదు. దాచాలని కాదు. అవసరమనిపించలేదు.

మూడు రోజుల్లో పాయింట్లు ఇరవై రెండు వేలు అయ్యాయి. తరువాత ముప్ఫై. జూలై ఆఖరు రోజున ముప్ఫై ఎనిమిది వేలు. నేను డైరీలో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టాను. అప్పలనరసమ్మ గారు ఆ వేళ చేపల పులుసు చేసి మా ఇంటికి గిన్నెతో పంపారు. పైడిరాజు గారు ఫౌండ్రీకి వచ్చి బదిలీ ఆపరేటరు భుజం తట్టి, "కూసింత కాలం కూకో బావ. సీటు ఎచ్చగా ఉంచు" అన్నారు. ఆగస్టు 3 ఆదివారం. నేను మామూలుగా తెర చూస్తాను. ఆ రోజు శబ్దం విన్నాను. గుండ్లు మరీ సమానంగా పేలుతున్నాయి, కుట్టుమిషను తొక్కినట్టు. తల తిప్పి ఆయన చెయ్యి చూశాను. బొటనవేలు పై వరుస బటన్ మీద ఉంది. అది కదలడం లేదు.

ఆ రోజు పాయింట్లు ముప్ఫై తొమ్మిది వేల రెండు వందలు. రాశాను. మర్నాడూ రాశాను. ఆ వారమంతా రాశాను. ఎందుకు చెప్పలేదని నన్ను నేను అడిగితే రోజుకో జవాబు వచ్చేది. సంతోషంగా ఉన్నారు కదా అని ఒకరోజు. నిజంగా కొంత బాగుపడే ఉంటుందని ఇంకోరోజు. తెచ్చిన ప్యాడ్ నాదే కదా అన్నది మాత్రం ఎవరికీ చెప్పుకోలేని జవాబు. పరీక్షలో నెగ్గితే ఆయన ఆ బొటనవేలితో నిజమైన ఇనుము దించుతారు. ఆ లాడిల్ పక్కన నడిచేది నేను. నాతోబాటు అచ్చుల దగ్గర మరో నలుగురు. అది తెలిసి కూడా వారం రోజులు అంకెలు రాశాను. నా డైరీల్లో నేను మళ్ళీ చదవడానికి ఇష్టపడని పేజీలు అవే. చింపలేదు.

ఆ యంత్రం తరువాత ఎన్నాళ్ళో బతకలేదు. కొత్త శతాబ్దం మొదలయ్యేసరికి సీడీలతో ఆడే యంత్రాలు వచ్చాయి. వన్ టౌన్ సందులో ఆ కొట్టతను క్యాసెట్లు పెట్టడం మానేసి సెల్‌ఫోన్ కవర్లు పెట్టాడు. ఒకసారి ప్యాడ్ వైరు కోసం వెళ్తే, "అయ్యి తయారీ ఆగిపోనాయి మేస్టారూ, ఇంక రావు" అన్నాడు. ఎవరికీ అక్కరలేని పాత బొమ్మ ఏదో పారేస్తున్నట్టు చెప్పాడు. ఒక తరం వాళ్ళకి అది చిన్ననాటి ఆట అయి ఉంటుంది. నాకు అది నలభై ఏళ్ళు దాటాక వెళ్ళిన బడి. పాయింట్లు ఎక్కువ వచ్చినంత మాత్రాన వేలు బాగుపడినట్టు కాదని అక్కడ నేర్చుకున్నాను. ఇప్పుడు నా బీపీ నేనే చూసుకుని పుస్తకంలో రాస్తాను. "అందరి పుస్తకాల్లోనూ నూట ఇరవయ్యే ఉంటుందండీ, మీ పుస్తకంలోనే ఇన్ని రకాలు" అంటుంది మా డాక్టరమ్మ. ఆ రకాలన్నీ పైడిరాజు గారు పెట్టిన భిక్ష.

ఇక మొదట రాసిన ఆదివారం. సోమవారం పరీక్ష కాబట్టి చూసిరావాలని సుభద్రా నేనూ వెళ్ళాం. సుభద్ర సున్నుండలు తీసుకొచ్చింది. పైడిరాజు గారు ఆడుతున్నారు. గుండ్లు సమానంగా పేలుతున్నాయి. ఆట ఆపి నావైపు తిరిగారు.

"రేపు నీ డైరీ ఒట్టుకురా బావ. ఓనరికి సూపిద్దాం. నీల్లెందుకు, ఈ లెక్క సూత్తే సాలదేటి?"

"అది చూపించకండి పైడిరాజు గారూ" అన్నాను.

"ఏటి?"

"ఆ లెక్క మీ వేలిది కాదండి."

మంచి చెవి నావైపు తిప్పారు. మొత్తం చెప్పాను. పై వరుస బటన్ల సంగతి, కొట్టతను చెప్పిన మాట, పోయిన ఆదివారం నేను చూసింది. టీవీలో విమానం ఒక్కటీ ఆకాశంలో ఆగి ఉంది. సుభద్ర నన్ను చూస్తోంది. తనకి కూడా నేను చెప్పలేదు.

ముందు అప్పలనరసమ్మ గారే అన్నారు. "ఇప్పుడా తమ్ముడా సెప్పడం? తెల్లారితే పరీచ్చ. ఈ వారం ఆయన ఎలాగ తిరిగినాడో సూడనేదా నువ్వు?"

"చూశానండి. అందుకే చెప్పలేకపోయాను."

"అందుకే సెప్పాల" అన్నారు ఆమె. గొంతు పెంచలేదు.

పైడిరాజు గారు ప్యాడ్‌ని ఇటూ అటూ తిప్పి చూశారు. "టైము సూడు" అన్నారు. బొటనవేలు కింది వరుసకి జరిపి ఆట మొదలుపెట్టారు. రెండు నిమిషాల దాకా వేలు బాగానే లేచింది. మూడో నిమిషంలో వణకడం మొదలైంది. నాలుగో నిమిషంలో ఒకసారి నొక్కడానికి మణికట్టంతా వంగింది. ఆయన ఆపలేదు. అయిదు నిమిషాలయ్యాయని నేను అన్నాక తెర చూశాం. పదహారు వేల నాలుగు వందలు.

ప్యాడ్ కింద పెట్టి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఏలికి తెలుసు బావ" అన్నారు. "నానే దాన్ని అడగనేదు. మూడు దినాల్లో ఎనిమిది వేలు పెరిగితే ఏ గుంటడికైనా అనుమానం వొత్తాది. నాకు రానేదు. రానివ్వనేదు."

"తప్పు నాదండి."

"నీది నీకుంది. నాది నాకుంది. పంచుకోడానికి ఇదేటి, సున్నుండా?" అని ఒకటి తీసుకుని సగం కొరికారు. "మీ గోదారోళ్ళకి అండీ అండీ అనడవే గానీ అసలు మాట నోట్లోంచి రాదు. డైరీ తెచ్చినావా?"

నా సంచీలోనే ఉంది. ఎప్పుడూ ఉంటుంది. తీశాను.

"కొట్టీకు. కిందన రాయి."

ఆయన ఎదురుగా కూర్చుని రాశాను: 'జూలై 22 నుంచి ఇక్కడ రాసిన పాయింట్లు టర్బో బటన్‌వి. బొటనవేలివి కావు. ఆగస్టు 3న నాకు తెలిసింది. నేటి దాకా చెప్పలేదు. కింది బటన్‌తో ఈ సాయంత్రం 16,400.' చదివి వినిపించమన్నారు. వినిపించాను. 'నేటి దాకా చెప్పలేదు' దగ్గర ఆయన తల ఊపారు.

"మరి రేపు ఎక్కవా?" అని అప్పలనరసమ్మ గారు అడిగారు.

"ఎక్కుతాను. ఎక్కకుండా ఎలాగ తెలుత్తాది?"

"పడిపోతే?"

"పడితే నీల్లే గదా."

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి లాడిల్ అంచు దాకా నీళ్ళు నింపారు. యజమాని గారూ, అచ్చుల దగ్గర పనిచేసేవాళ్ళూ, బదిలీ ఆపరేటరూ గోడ వెంట నిలబడ్డారు. పైడిరాజు గారు నిచ్చెన ఎక్కి కేబిన్‌లో కూర్చున్నారు. నేను లాడిల్ పక్కన నిలబడి చెయ్యి ఎత్తాను. మామూలుగా ఆయన రెండు చేతులతో ఒకేసారి కొక్కేన్ని ఎత్తుతూనే క్రేనుని నడిపించేవారు. ఆ రోజు అలా చేయలేదు. ముందు ఎత్తడం మాత్రమే. కుడి బొటనవేలి మీద ఎడమ బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు కింది నుంచి నాకు తెలుస్తోంది. పూర్తిగా ఎత్తాక చెయ్యి మార్చి క్రేను నడిపారు. ఆగారు. మళ్ళీ చెయ్యి మార్చారు. అచ్చుల దగ్గరకి వచ్చాక దించడం మొదలుపెట్టారు. అంగుళం. ఆగడం. అంగుళం. లాడిల్ నేలకి తగిలినప్పుడు నీళ్ళ మీద చిన్న అల కూడా లేదు. షెడ్డంతా చప్పట్లు కొట్టింది. యజమాని గారు నవ్వుతూ, "ఇంకేం కావాలి, పాసే" అన్నారు.

పైనుంచి పైడిరాజు గారు తల బయటపెట్టారు. "బావ, టైమెంతయింది?"

గడియారం నా చేతిలో ఉంది. నాకు తప్ప ఎవరికీ కనబడదు. మామూలుగా ఆ దూరానికి నాలుగు నిమిషాలు. అయిదు దాటితే లాడిల్‌లో ఇనుము చిక్కబడుతుంది, ఎనిమిది దాటితే అచ్చులో దిగదు, పాత్రలోనే గడ్డకడుతుంది. అది అక్కడున్న అందరికీ తెలుసు. నీళ్ళు తొణకలేదన్న సంతోషంలో ఎవరికీ గుర్తురాలేదు.

"పదకొండు నిమిషాలండి" అన్నాను.

"గట్టిగా సెప్పు. ఈ సెవికి ఇనపడదు."

"పదకొండు నిమిషాలండీ."

చప్పట్లు ఆగిపోయాయి. ఆయన నిచ్చెన దిగి నా దగ్గరకు వచ్చి, షిఫ్టు పుస్తకంలో ఆ అంకె రాసేదాకా నిలబడి, కింద సంతకం పెట్టారు. ఎడమ చేత్తో పెట్టారు. కొన్నాళ్ళు సాధన చేస్తే వేగం వస్తుందేమో, ఆగుదామన్నారు యజమాని గారు. "నాను ఆగుతాను బాబూ, ఇనుం ఆగదు గదా" అన్నారు పైడిరాజు గారు. మళ్ళీ నిచ్చెన ఎక్కి కేబిన్‌లోంచి తన తువ్వాలూ, మంచినీళ్ళ సీసా తెచ్చుకున్నారు. బదిలీ ఆపరేటరు కింద తలవంచుకుని నిలబడి ఉన్నాడు. "ఎక్కు బావ" అన్నారు అతనితో. "మూడో గాటు కాడ హేండిల్ కూసింత బిగుత్తాది. తోసీకు. ఆగితే అదే వొత్తాది." అతను ఎక్కాడు. తొమ్మిదీ ఇరవైకి కొలిమి వంచారు.